ఎడమ సీటు బ్రేకు

హైమవతి ప్లాస్టిక్ అట్లకాడ కోసం వంటిల్లంతా వెతికింది. చివరికి అది పోర్టికోలో దొరికింది. భర్త జోగారావు దాని అంచును కారు డ్యాష్‌బోర్డు సందులోకి దూర్చి, నాలుక పంటి కింద పెట్టుకుని, నల్లటి ప్లాస్టిక్ పలకను మెల్లగా పైకి లేపుతున్నాడు.

"అది దోసెలదండీ."

"తెలుసు. మెత్తగా ఉంటుందనే తెచ్చాను. స్క్రూడ్రైవర్ పెడితే ప్యానెల్ మీద గీతలు పడిపోతాయి."

"అమ్మో, పడకూడదు మరి. మనం దోసెలు తినకపోయినా ఫర్లేదు."

పలక టప్పున ఊడి వచ్చింది. అతని ముఖంలో వెలుగు చూశాక ఆమెకు ఇంకేమీ అనాలనిపించలేదు. లోపలినుంచి రంగురంగుల వైర్లు పొట్లం విప్పినట్టు బయటికి జారాయి.

ఆ ఎర్ర కారు పాతదే. బీచిరోడ్డులో హోటలున్న ఒకాయన కొడుకు మోజుపడి కొని, మోజు తీరాక అమ్మేస్తుంటే జోగారావు తెచ్చుకున్నాడు. రెండే సీట్లు. నేలకు జానెడు ఎత్తు. అందులో కూర్చోవడానికి ఒకసారి, లేవడానికి రెండుసార్లు దేవుణ్ణి తలుచుకోవాలి. ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరుగా పనిచేసినంత కాలం అందరి మీటర్లూ సరిచేసిన మనిషి, రిటైరయ్యాక తనకోసం ఒక్క వస్తువు సరిచేసుకుంటానన్నాడు. టైర్లు మార్చాడు. సీట్లకు కొత్త తొడుగులు వేయించాడు. చెవులకు చిల్లులు పొడిచే సైలెన్సరు తీసేసి బుద్ధిగల సైలెన్సరు పెట్టాడు. ఇప్పుడు పాత మ్యూజిక్ సిస్టమ్ పీకి ఆ చోట ట్యాబ్ బిగిస్తున్నాడు. ఖాళీ చిన్నదైతే ఆక్సా బ్లేడుతో కోసి, ఆకురాయితో రాశాడు. అంచు వంపు తిరగడానికి హైమవతి జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు వేడి పెట్టాడు. ఎం.వి.పి. కాలనీలో వాకింగుకు వెళ్లేవాళ్లు గేటు దగ్గర ఆగి, "ఏంటి జోగారావుగారూ, రేసులకేనా?" అని వేళాకోళమాడి వెళ్లేవారు.

రేసులకు కాదు. ఆ సంగతి ఆయన భార్యకు ఒక్కదానికే చూపించాడు. వెండి కాగితంలా మెరిసే పల్చటి పొర ఒకటి ఆమె ముంజేతికి చుట్టి, ఆ వైరు ట్యాబ్‌కు కలిపి, "ఆ గ్లాసు ఎత్తు" అన్నాడు. ఆమె ఎత్తింది. ట్యాబ్ మీద ఒక నీలి గీత వెలిగింది.

"ఇంకోసారి. ఈసారి గీతనే చూస్తూ ఎత్తు."

ఈసారి ఆమె చూసింది. ముందు గీత వెలిగింది. తర్వాత చెయ్యి లేచింది.

"ఎత్తాలనుకోగానే కండరానికి కబురొస్తుంది," అన్నాడు జోగారావు. "చెయ్యి కదలడం ఆ తర్వాత. మధ్యలో ఉన్నది రెప్పపాటే. కానీ ఆ రెప్పపాటులో బండి బారెడు దూరం పోతుంది. కాలికి వచ్చే కబురును ట్యాబ్ వినేస్తే, పెడల్‌కు కట్టిన మోటారు ముందే బ్రేకు లాగేస్తుంది. కాలు కదిలేసరికి బండి ఆగి ఉంటుంది."

హైమవతి డిగ్రీలో ఫిజిక్సు చదివింది. అర్థమైంది. అర్థం కానిది ఇంకొకటి. "చక్కగా నడుపుతారు కదా మీరు. ఇదంతా ఇప్పుడెందుకు?"

"సరదా," అన్నాడతను, ఆమె ముంజేతి నుంచి పొర విప్పుతూ.

సరదా కాదని ఆమెకు అనుమానం. ఈ మధ్య అతని కుడికాలి చెప్పు మెట్ల మీదే ఉండిపోతోంది. ఆయన ఒంటి చెప్పుతో గేటు దాకా వెళ్లి, పాలప్యాకెట్లు తీసుకుని, అలాగే వెనక్కి వస్తాడు. రాయి గుచ్చుకున్నా ఆగడు. ఒకసారి స్నానాల గదిలో కాగే నీళ్లు పాదం మీద ఒలికి బొబ్బలెక్కితే, సాయంత్రం ఆమె చూసి చెప్పేదాకా ఆయనకు తెలియలేదు. షుగరు ఉన్నవాళ్లకు కాళ్ల నరాలు మొద్దుబారతాయట, డాక్టరుకు చూపిద్దామంటే, "చెప్పు అరిగిపోయి జారుతోందే. చెప్పులు మారిస్తే సరి" అని చెప్పులు మార్చాడు. కొత్త చెప్పు కూడా మెట్ల మీదే ఉంటోంది.

వెండిపొరను కారు మ్యాటులో కుట్టిపెట్టింది ఆమే. పాత కర్టెను గుడ్డ రెండు మడతల మధ్య పొర పరిచి, అంచుల వెంట మాత్రమే కుట్టాలి.

"డ్రైవరు వైపుకి సరిపడా కత్తిరించనా?" అని కత్తెర తీసింది.

"కత్తిరించకు, కత్తిరించకు. ఒకే ముక్కగా ఉంటేనే దానికి బలం. రెండువైపులకీ కలిపి ఒకటే మ్యాటు కుట్టెయ్. అటుపక్క మిగిలింది ఊరికే పడుంటుంది."

"అటుపక్క నేను కాళ్లు పెడతాను కదండీ."

"పెట్టుకో. పాసింజరు కాళ్లతో దానికేం పని?"

మంచి గుడ్డను మధ్యలో కోయడం ఆమెకూ ఇష్టం ఉండదు. రెండు సీట్ల కిందా పరుచుకునేలా, మధ్యలో గేరు దగ్గరి దిమ్మ మీదుగా, ఒక్క అతుకు లేకుండా కుట్టి ఇచ్చింది. చాలా బాగా కుట్టిందని ఆయన మెచ్చుకున్నాడు కూడా.

ట్యాబ్‌కు బ్రేకు నేర్పడానికి ప్రతి ఉదయం భీమిలి రోడ్డు మీద తిరగాలన్నాడు. దానికి ఆయన చెప్పిపెట్టింది ఒకే సూత్రం. ఏ కబురు వెనకాల నిజంగా బ్రేకు పడుతుందో ఆ కబురును నమ్ము. పడకపోతే వదిలెయ్. మిగతాది అదే నేర్చుకుంటుంది.

ఆయన పక్కన హైమవతి కూర్చునేది. పెళ్లయినప్పటి నుంచీ, స్కూటరు పోయి కారు వచ్చినప్పటి నుంచీ, ఆమె కూర్చునే తీరు ఒకటే. చేతులు ఒళ్లో ఉంటాయి, ముఖం ప్రశాంతంగా ఉంటుంది, మాటలు కూరల గురించీ చుట్టాల గురించీ సాగుతుంటాయి. కింద మాత్రం కుడికాలు నేలను తొక్కుతూ ఉంటుంది. ఎదురుగా లారీ వస్తే తొక్కుతుంది. పక్క సందులోంచి బైకు ముక్కు కనబడితే తొక్కుతుంది. మనిషి రోడ్డు దాటాలా వద్దా అని తలతిప్పి చూసినా తొక్కుతుంది. అక్కడ బ్రేకు లేదని ఆమెకూ తెలుసు. కాలికి తెలియదు, అంతే.

నెల తిరిగేసరికి ఆ కారు ఒక వింతలా తయారైంది. గేదె రోడ్డెక్కబోతోందనగానే బండి మెత్తగా ఆగిపోయేది. ఆటో ఇండికేటరు వెయ్యకుండా తిరిగినా, తిరగకముందే వేగం తగ్గేది. ట్యాబ్ మీద నీలి గీత వెలిగినప్పుడల్లా జోగారావు చంటిపిల్ల నవ్వు చూసినవాడిలా మురిసిపోయేవాడు.

"చూశావా? నేను అనుకునేలోపే ఆగుతోంది. నా కాలి మీద నాకు లేనంత నమ్మకం దీనికుంది."

ఆ ఆఖరు మాట విని హైమవతి ఆయన వైపు చూసింది. ఆయన రోడ్డు చూస్తున్నాడు.

విజయనగరం కాలేజీలో లెక్చరరుగా పనిచేస్తున్న కూతురు సింధూరకు ఫోన్లో వర్ణించి వర్ణించి చెప్పాడు. "వచ్చే ఆదివారం రా. నిన్ను అరకు తీసుకెళ్తాను. ఘాట్ రోడ్డులో చూడాలమ్మా దీని పనితనం!"

"మరి అమ్మో?"

"రెండే సీట్లు కదే. అమ్మ రోజూ తిరుగుతూనే ఉంది."

హైమవతికి ఆ మాట కష్టంగా అనిపించలేదు. పైగా హాయిగా ఉంది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె వెన్ను సీటుకు ఆనింది. ఇక ఈయన కాలు ఎలా ఉన్నా కారు చూసుకుంటుంది అనుకుంది. ఒక ఉదయం చెప్పులు విడిచి, కాళ్లు చాపి, కిటికీలోంచి సముద్రం చూస్తూ కూర్చుంది. అలల మీద ఎండ పడుతోంది. రోజూ ఈ రోడ్డు మీద వస్తూ సముద్రం ఇంత ఉందని తను చూడనేలేదు కదా అనుకుంటోంది.

అప్పుడు టైర్లు కీచుమన్నాయి. ఆమె తల ముందుకు ఊగింది. కారు ముందు ఒక చేపలమ్మే ఆవిడ వెల్లకిలా పడి ఉంది. తట్ట బోర్లాపడి, రోడ్డంతా కానాగంతలు తళతళలాడుతున్నాయి.

కారు తట్టను మాత్రమే తాకింది. ఆవిడ బెదిరి పడింది గానీ దెబ్బలేమీ తగల్లేదు. లేచి నిలబడి, కొంగు దులుపుకుని అందుకుంది: "ఏటి బాబూ, మడిసి అగుపడనేదేటి? ఎర్రకారెక్కితే కళ్లు నెత్తికెక్కిపోతాయేటి? అంత దూరాన్నుంచి సూస్తన్నాను, ఆపుతాడు ఆపుతాడని!"

హైమవతి కిందికి దిగి, ఆవిడతోపాటు వంగి చేపలు ఏరింది. జోగారావు స్టీరింగ్ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. చేపలన్నీ వాళ్లే కొనుక్కుని, డిక్కీలో చోటులేక ఆమె కాళ్ల దగ్గర పెట్టుకుని ఇంటికి వచ్చారు.

"వైరేదో వదులైంది," అన్నాడు దారిలో. "సాయంత్రం చూస్తాను."

సాయంత్రం చూశాడు. వైర్లన్నీ గట్టిగానే ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం, జోగారావు కునుకు తీస్తుండగా, హైమవతి చేపల వాసన వదలగొట్టడానికి కారులో కూర్చుంది. అద్దాలు దించడానికి తాళం తిప్పింది. ట్యాబ్ వెలిగింది. ఎడమ సీట్లో కూర్చుని, వంగి, నిమ్మచెక్కతో తలుపు అంచులు తుడుస్తోంది. అంతలో పక్కింటివాళ్ల చెట్టునుంచి పెద్ద కొబ్బరి మట్ట ఊడి ధడేలుమని బానెట్ మీద పడింది.

ఆమె ఉలిక్కిపడింది. కాలు నేలను తన్నింది. నీలి గీత వెలిగింది. కుడిపక్కన, ఎవరూ లేని డ్రైవరు సీటు ముందు, బ్రేకు పెడల్ దానంతటదే కిందికి దిగి, ఒక క్షణం ఆగి, పైకి లేచింది.

హైమవతి నిమ్మచెక్క పక్కన పెట్టింది. చాలాసేపు ఆ పెడల్‌నే చూసింది. తర్వాత కాలితో నేలను నొక్కింది. పెడల్ కదల్లేదు. గట్టిగా నొక్కింది. కదల్లేదు. భయంతో బిగుసుకున్న కాలికీ, కావాలని నొక్కిన కాలికీ తేడా దానికి తెలుసు. దానికి నేర్పింది భయమే. నెల రోజులపాటు తను నోటితో ఆవకాయ సంగతులు మాట్లాడుతూ, కాలితో దానికి నేర్పింది.

నిన్న తను భయపడలేదు. అందుకే కారు ఆగలేదు.

శనివారం సాయంత్రం సింధూర బస్సు దిగడానికి ఇంకా వేళ ఉండగానే హైమవతి మొగుణ్ణి పోర్టికోలోకి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది. జోగారావు నవ్వాడు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"పాసింజరు వైపు నుంచి కబురు వెళ్లడమేంటి? నా కాలి కబురు ఉండగా అది నీ కాలిని ఎందుకు నమ్ముతుంది?"

"మీ కాలి కబురు ఉంటే కదా."

"ఏం మాట్లాడుతున్నావు నువ్వు?"

"కూర్చోండి. నేను కాళ్లు పైకి పెట్టుకుంటాను. మీరు బ్రేకు వెయ్యండి. గీత వెలిగితే నాది తప్పు."

ఆమె ఎడమ సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అతను కారును గేటు వైపు మెల్లగా పోనిచ్చి బ్రేకు వేశాడు. కారు ఆగింది. గీత వెలగలేదు. వెనక్కి తెచ్చి మళ్లీ వేశాడు. వెలగలేదు. చెప్పు విడిచి వేశాడు. పాదం పెడల్ పక్కకు జారింది. జారిన సంగతి ఆయన వంగి చూసుకున్నాకే తెలిసింది.

"మ్యాటు నువ్వు కడిగి ఉంటావు. తడిసింది."

"కడగలేదు."

"కుట్టు ఎక్కడో పొరకు తగిలి ఉంటుంది."

"అంచుల వెంటే కుట్టాను. మీరు చూసి మెచ్చుకున్నారు."

కోపం వచ్చింది ఆయనకు. ఆమె కాళ్లు కిందికి దించిందని గమనించలేదు. గేరు వేసి, ఉన్నపళంగా కారును గేటు గోడ మీదికి ఉరికించాడు. హైమవతి నోటిలోంచి కేక రాలేదు. కాలు మాత్రం బిగుసుకుంది. నీలి గీత భగ్గుమంది. గోడకు బెత్తెడు దూరంలో కారు పాతేసినట్టు ఆగిపోయింది. జోగారావు కుడికాలు ఇంకా యాక్సిలరేటరు మీదే ఉంది.

జోగారావు ఇంజను ఆపాడు.

"అంటే..." అన్నాడు ఆయన, "పరికరం పనిచేస్తోందన్నమాటే కదా. నీ కాలైతేనేం, నా కాలైతేనేం? నువ్వు పక్కనుంటే చాలు నాకు."

పెళ్లయిన కొత్తల్లో ఈ మాట అని ఉంటే ఆమె పొంగిపోయేది.

"పక్కనుంటే చాలదండీ. భయపడుతూ ఉండాలి," అంది. "మొన్న నేను భయపడటం మానేశాను. మీ మిషను మీద నమ్మకం కుదిరింది. హాయిగా సముద్రం చూశాను. ఆ చేపలావిడ చావు తప్పి బయటపడింది. ఇకమీదట మీరు ఈ కారు నడపాలంటే నేను బతికినన్నాళ్లూ ఈ సీట్లో గుండె చేత్తో పట్టుకుని కూర్చోవాలి. నాకు కాస్త ధైర్యం వస్తే చాలు, ఎవరో ఒకరు పోతారు."

"ఇన్నేళ్లూ నా పక్కన భయపడుతూనే కూర్చున్నావా?"

"ఎప్పుడైనా నా కాళ్లవైపు చూశారా?"

"నడిపేవాడు రోడ్డు చూడాలి కదే."

ఆమెకు నవ్వొచ్చింది. వెంటనే కళ్లు చెమర్చాయి. "రేపు ఈ సీట్లో సింధు కూర్చుంటుంది. జెయింట్ వీల్ ఎక్కి నిద్రపోయిన పిల్ల అది. దానికి భయమంటే ఏంటో తెలీదు. ఘాట్ రోడ్డులో మీ కారు ఎవరి కాలిని నమ్ముకుని దిగుతుంది?"

ఆయన తాళం తీసి, జేబులో వేసుకుని లోపలికి పోయాడు. రాత్రి సింధూర వచ్చి, అరకులో ఏమేం చూడాలో వరసపెట్టి చెబుతుంటే, అన్నిటికీ "ఊఁ" అన్నాడు. రద్దు చేస్తానని మాత్రం అనలేదు. హైమవతి వడ్డిస్తూ ఆయన ముఖమే చూసింది. ఆయన తల ఎత్తలేదు. పొద్దున్న కారు ముందు అడ్డంగా నిలబడాల్సి వస్తే నిలబడాలి అనుకుంది. పిల్లకు తనే చెప్పేయవచ్చు. కానీ అది ఆయన కాలు. ఆయన నోటితో రావాలి.

తెల్లారాక టీ పెడుతుంటే ఇంజను చప్పుడు వినిపించింది. హైమవతి వంటింటి కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

సింధూర కారులో లేదు. జోగారావు ఒక్కడే ఉన్నాడు. కారును గోడ మీదికి ఉరికిస్తున్నాడు, బ్రేకు వేస్తున్నాడు, వెనక్కి తెస్తున్నాడు, మళ్లీ ఉరికిస్తున్నాడు. ప్రతిసారీ కళ్లు పెద్దవి చేసి, మెడ బిగించి, ట్యాబ్ వైపు చూస్తున్నాడు. తనను తాను భయపెట్టుకోవాలని చూస్తున్నాడని ఆమెకు అర్థమయ్యేసరికి పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. ఒకసారి బంపరు గోడకు తగిలి సున్నం రాలింది. గీత వెలిగినట్టు లేదు. భయం ఆయన ముఖం నిండా ఉంది. మెడలో ఉంది, చేతుల్లో ఉంది. పాదం దాకా రాలేదు.

ఇంజను ఆగింది. తలుపు తెరిచి, ఒంగి, పెడల్ దగ్గర ఏదో చేశాడు. మోటారును పెడల్‌కు కట్టిన తీగ తెంపి బయట పడేశాడు.

సింధూర నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, చేతిలో జంతికల డబ్బాతో బయటికి వచ్చింది. "రెడీయా నాన్నా?"

"బండి తియ్యట్లేదమ్మా."

"అదేంటి? ట్యాబ్ హ్యాంగయిందా?"

"ట్యాబ్ బాగానే ఉంది. నా కాలు బాలేదు." ఆ మాట ఆయన కూతురితో అన్నాడు గానీ, చూసింది కిటికీ వైపు. "ఇవాళ ఆదివారం ఏ డాక్టరైనా ఉంటారేమో చూడు. ఆటో పిలు. ముగ్గురం వెళ్దాం."

"అరకు అంటావు, ఆస్పత్రి అంటావు! అమ్మా, ఏమైందే ఈయనకి?"

"ఆయన్నే అడుగు," అంది హైమవతి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ. "దారిలో చెబుతారు."

దారిలో చెప్పాడు. నాలుగు ముక్కల్లో, ఎవరివైపూ చూడకుండా, మీటరు చెడిపోయిందని రిపోర్టు ఇచ్చినట్టు చెప్పాడు. సింధూర కళ్లద్దాలు తీసేసి తండ్రి మోకాలి మీద చెయ్యి వేసింది.

డాక్టరు చిన్నపిల్లే. సింధూర ఈడు ఉంటుంది. జోగారావును బల్ల మీద పడుకోబెట్టి, ప్యాంటు మడిచి, చిన్న పెట్టెలోంచి ఒక పిడి తీసింది. పిడి చివర వెంట్రుకకన్నా కాస్త మందంగా నైలాన్ పోగు ఉంది.

"దీంతో పాదం మీద అక్కడక్కడ తాకుతానండి. నొప్పేమీ ఉండదు. కళ్లు మూసుకుని, తగిలినప్పుడల్లా 'ఆఁ' అనండి. తగలకుండా మాత్రం అనకండి."

"అబద్ధం చెప్పనమ్మా. జన్మంతా మీటర్లకు పరీక్ష పెట్టినవాణ్ణి," అని జోగారావు కళ్లు మూసుకున్నాడు.

హైమవతి స్టూలు మీద కూర్చుని చూసింది. డాక్టరు పోగును బొటనవేలి కింద ఆనించి నొక్కింది. పోగు విల్లులా వంగింది. తర్వాత చిటికెనవేలి కింద పెట్టింది. తర్వాత అరికాలి మధ్యలో, అంచున, మడమ మీద. మళ్లీ బొటనవేలి దగ్గరికి వచ్చి ఇంకాస్త గట్టిగా వంచింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. డాక్టరు ఒకసారి తలెత్తి హైమవతి వైపు చూసి, మళ్లీ దించుకుంది. పోగును పెట్టెలో పెట్టి మూత వేసింది.

జోగారావు కళ్లు గట్టిగా మూసుకుని, కనుబొమలు ముడిచి, పరీక్ష హాల్లో గంట కోసం ఎదురుచూసే కుర్రాడిలా ఊపిరి బిగబట్టి ఉన్నాడు.

"నేను రెడీ డాక్టరుగారూ," అన్నాడు. "మొదలెట్టండి."